ఎండను దాటు విద్య

గన్‌ఫౌండ్రీ వీథిమీదుగా దినదినము బడికి నడచివచ్చు విద్యార్థులలో ఆ పేరునకు గల కారణము నెఱిగినవారు కొందఱే యుందురు. పదునెనిమిదవ శతాబ్దపు కడపటి సంవత్సరములలో నిజాము కొలువునందుండిన రేమాండు అను ఫ్రెంచి సేనాని ఇచ్చట ఫిరంగులను పోతపోయు కార్ఖానాను నడిపెను. జనులు దానిని తోప్‌కా సాంచా యనిరి. ఆ కొలిమిలో లోహము కరగి, అచ్చులోనికి పాఱి, చల్లారి ఫిరంగి యయ్యెడిది. వేడి తగిలినప్పుడు లోహము లొంగి రూపు మార్చుకొనును. దానివలన దానికి హాని లేదు. ప్రాణి యట్టిది కాదు. పిచ్చుక దేహపు వేడిమి సహజముగా సుమారు 41 డిగ్రీల సెంటీగ్రేడు. అది మఱి ఐదాఱు డిగ్రీలు పెరిగినయెడల పిచ్చుక బ్రతుకజాలదు. అయినను మే నెలలో రాతిగోడలు కాలుచుండగా అదే వీథిలో పిచ్చుకయు, ఉడుతయు, తొండయు, వేపచెట్టును బ్రతుకుచునే యున్నవి. అవి యెట్లు బ్రతుకుచున్నవి? ఈ ప్రశ్నయే నేటి మన పాఠము.

మన ప్రాంతపు స్వభావము

ప్రాణి చుట్టునున్న గాలి, నీరు, నేల, వెలుతురు, వేడి, ఇతర ప్రాణులు, వీనినన్నిటిని కలిపి పరిసరము లందుము. వీనిలో ఏదైనను మితిమీఱినప్పుడుగాని, చాలనప్పుడుగాని ప్రాణికి కలుగు ఇబ్బందిని పరిసరముల ఒత్తిడి యందుము. కరవు, వరద, తీవ్రమైన ఎండ, చలి, ఉప్పునేల, విషవాయువు, ఆకలి, ఇవన్నియు ఆ ఒత్తిడికి వేర్వేరు రూపములు.

హైదరాబాదు దక్కను పీఠభూమిమీద సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. దీని క్రిందనున్న నల్లసేనపురాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల వయసు గలది. చాలచోట్ల ఆ రాతిమీద మన్ను పలుచగా నుండును. ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన కురియునుగాని, అందు ఎక్కువ భాగము జూను మొదలు సెప్టెంబరు వఱకుగల నాలుగు నెలలలోనే పడును. 1946 జనవరి 8వ తేదీన ఇచ్చటి చలి 6.1 డిగ్రీలకు దిగెను. 1966 జూను 2వ తేదీన ఎండ 45.5 డిగ్రీల కెక్కెను. రోహిణి కార్తెలో రోళ్లు పగులునను సామెత ఊరక పుట్టలేదు. మఱియొకవంక 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనెను. కావున ఈ నేలమీద వందయేండ్లు జీవింపవలసిన చెట్టు చలిని, ఎండను, కరవును, వరదను నిలుచున్నచోటనే సహింపవలసియున్నది.

ప్రాణులు ఈ ఒత్తిడికి నిలుచు విధములను నాలుగుగా విభజింపవచ్చును. మొదటిది కష్టకాలమును తప్పించుకొనుట. రెండవది కష్టస్థలమును విడిచి తొలగుట. మూడవది ఉన్నదానిని పొదుపుచేయుట. నాలుగవది లోపల కలిగిన చెఱుపును సరిదిద్దుకొనుట. ఒకే ప్రాణి ఒకటికి మించిన ఉపాయములను వాడవచ్చును. ఒక్కొక్కదానిని మన కంటబడు ఉదాహరణములతో విచారింతము.

1. కాలమును తప్పించుకొనుట

వేసవిలో ఎండిన కుంటయొద్దకు పోయి చూడుడు. ఒక్క కప్పయైనను కానరాదు. తొలకరి వాన కురిసిన రాత్రియే చెవులు దిమ్మెక్కునట్లు కప్పలు అఱచును. ఒక్కరాత్రిలో అన్ని కప్పలు ఎచ్చటనుండి వచ్చినవి? అవి అంతకుముందును అచ్చటనే యున్నవి, మట్టిలో నుండినవి. కొన్ని జాతుల కప్పలకు వెనుకకాళ్ల అడుగున పారవంటి గట్టి బుడిపె యుండును. దానితో మట్టిని త్రవ్వుచు, వెనుకకు వెనుకకు జరుగుచు అవి నేలలోనికి దిగిపోవును. అచ్చట మేతలేదు, కదలిక లేదు. గుండె నెమ్మదిగా కొట్టుకొనును. దేహములో దాచుకొన్న క్రొవ్వే కొంచెము కొంచెముగా ఖర్చగుచుండును. ఈ స్థితిని గ్రీష్మనిద్ర యందురు.

వాన పడగానే పెద్ద గోదురుకప్పలలో మగవి పసుపుపచ్చని రంగు దాల్చును. వాని గొంతుక్రింది సంచులు నీలిరంగుతో ఉబ్బును. ఆడకప్పలు వాననీటి మడుగులలో గ్రుడ్లు పెట్టును. ఆ మడుగు ఎన్నాళ్లుండునో యెవ్వరును చెప్పజాలరు. కావున గ్రుడ్లు త్వరగా పొదుగును. తోకకప్పలు మడుగెండకముందే కాళ్లు తెచ్చుకొని గట్టెక్కవలెను. వాని బాల్యమంతయు ఎండుచున్న నీటితో పందెము వంటిది.

చెట్లు మట్టిలోనికి దిగిపోజాలవు. అయినను అవియు కాలమును తప్పించుకొనును. మన గుట్టలమీద తఱచుగా కనబడు సీతాఫలపుచెట్టును చూడుడు. దీని పూర్వస్థానము అమెరికాఖండపు ఉష్ణప్రాంతము. అయినను మన రాతినేలలో పుట్టిన దానివలెనే పెరుగుచున్నది. నీరు తగ్గగానే ఆకులన్నిటిని రాల్చి మోడై నిలుచును. చూచువారు చచ్చినదనుకొందురు. ఆకు చేదగుటచేత మేకలు దానిని ముట్టవు. వానలు రాగానే గుబురుగా చిగిర్చి, కాచి, ఆ తడి ముగియుసరికి పండ్లనిచ్చును. మోదుగ, బూరుగ చెట్లు ఇంకను చమత్కారము చేయును. ఆకులు లేని సమయముననే అవి పూచును. ఆకు నీటిని ఆవిరిచేయును. పువ్వు అంత నీటిని వాడదు. ఆకుల మఱుగు లేనందున పక్షులకు ఎఱ్ఱని పువ్వులు దూరమునుండియే కనబడును. నీటి పొదుపును, పరాగమును మోయు పక్షుల రాకయు ఒక్కసారియే సమకూడుచున్నవి.

పాఠశాల ఆటస్థలములోని గరికయు ఈ తెగలోనిదే. మే నెలలో అది గడ్డిపోచల దుమ్మువలె నుండును. కాని నేలలోని దుంపవేళ్లు చావవు. రెండు వానలు పడగానే వానినుండి పచ్చని మొలకలు లేచును. తుంగగడ్డియు నేలలో చిన్న గడ్డలను దాచుకొని యట్లే బ్రతుకును. రైతు దానిని ఎంత పెరికినను అది మరల వచ్చుటకు కారణ మిదియే.

2. స్థలమును విడిచి తొలగుట

తొండకు మనవలె దేహములో వేడిని పుట్టించి ఒక మట్టమున నిలుపుకొను శక్తి లేదు. అందుచేత అది రోజంతయు స్థలము మార్చుచుండును. ఉదయమున బండమీద వెల్లకిల కాక బోర్లపడి, ఎండకు వీపునొగ్గి దేహమును వెచ్చజేసికొనును. ఎండ ముదిరినకొలది బండను తాకకుండ కాళ్లమీద లేచి నిలుచును. మధ్యాహ్నమునకు రాతి పగులులోనికి దూరును. సాయంకాలము మరల వెలికి వచ్చును. అది దేహపు వేడిని కొలుచుకొను గడియారము నీడయే. రెండు బండల నడుమనున్న నాలుగంగుళాల సందు దానికి ప్రాణము నిలుపు స్థలమని గ్రహింపుడు.

ఎనుము నల్లనిది, వెండ్రుకలు తక్కువ, చెమట గ్రంథులు ఆవునకున్నంత దట్టముగా లేవు. ఎండ దానికి త్వరగా తగులును. అందుచేత అది కుంట బురదలో పడి దొర్లును. బురదలోని నీరు ఆవిరి యగుచు దాని చర్మమును చల్లబఱచును. దానిని మొద్దుజంతువని నవ్వువారు ఈ లెక్కను ఎఱుగరు. ఉడుత మధ్యాహ్నమున నీడనున్న చల్లని గచ్చుమీదగాని, కొమ్మమీదగాని నాలుగుకాళ్లు చాచి పొట్టను ఆనించి పడుకొనును. పొట్టవైపు వెండ్రుకలు పలుచన; ఆ దారిని లోపలి వేడి చల్లని రాతిలోనికి పోవును.

నీటిలోని జీవులకు కుంట ఎండినప్పుడు తొలగిపోవు చోటు తక్కువ. అట్టి చేపలలో మన తెలంగాణమువారందఱు ఎఱిగినది కొర్రమీను. దానికి మొప్పలతోపాటు, తలలో మొప్పలకు పైగా గాలిని పీల్చుకొను గది యొకటి గలదు. చెరువు కుదించుకొనిపోయి నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు అది పైకి వచ్చి నోటితో గాలి మ్రింగును. నీరు పోయి బురద మిగిలినను చర్మము తడిగా నున్నంతకాలము బ్రతుకగలదు. ఒక వింత యేమనగా, నిండుచెరువులోనైనను దానిని పైకి రానీయకుండ వలలో అణచియుంచినయెడల నీళ్లలోనే ఊపిరాడక చచ్చును. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషను మైదానములో ఉబ్బసపు రోగులకు చేపమందు ఇచ్చునప్పుడు వేలకొలది చిన్న కొర్రమీనులను తొట్లలోను, బొక్కెనలలోను తెత్తురు. మందుయొక్క విచారణ మన పాఠములోనిది గాదు. కాని అంత కొంచెము నీటిలో, అంత క్రిక్కిఱిసి, అంతసేపు ఆ పిల్లచేపలు బ్రతికియుండుట యెట్లన్న ప్రశ్నకు మాత్రము ఇప్పుడు మీకు జవాబు తెలిసినది. వేఱొక జాతి చేప యైనచో అందు చాలభాగము త్రోవలోనే చచ్చును.

ఆ కుంటలోని నత్త యింకొక ఉపాయమును పన్నును. చిప్పలోనికి ముడుచుకొని, పాదముమీదనున్న గట్టి మూతతో ద్వారమును మూసికొని, బురదలో నెలలకొలది పడియుండును. దానికి నీటిలో పీల్చుటకు మొప్పయు, గాలిలో పీల్చుటకు ఊపిరితిత్తి వంటి సంచియు రెండును గలవు.

3. ఉన్నదానిని పొదుపుచేయుట

చెట్టుయొక్క కష్టము మఱియొక తీరుది. దానికి ఆహారము కావలెనన్న గాలిలోని బొగ్గుపులుసుగాలిని ఆకు లోనికి పీల్చవలెను. అందుకై ఆకుమీద కంటికి కనబడని వేలకొలది రంధ్రములు గలవు. రంధ్రము తెఱచినయెడల బొగ్గుపులుసుగాలి లోనికి వచ్చునుగాని, ఆ ద్వారముననే లోపలి నీరు ఆవిరియై వెలికి పోవును. మూసినయెడల నీరు మిగులునుగాని ఆకలి తప్పదు. తెఱచిన దాహము, మూసిన ఆకలి: ఎండకాలములో ప్రతి ఆకునకు ఇదియే సంకటము. చెట్ల తెలివియంతయు ఈ తలుపును ఎప్పుడు తీయవలెను, ఎప్పుడు వేయవలెను అనుటలో నున్నది.

నాగజెముడు ఈ సంకటమును రాత్రివేళ పరిష్కరించుకొనును. దాని ఆకులు ముండ్లయినవి. పడగలవలె కనబడు పచ్చని కాండమే ఆకుపని చేయును. పగలు రంధ్రములను మూసియుంచును. రాత్రి చల్లబడిన తరువాత తెఱచి, బొగ్గుపులుసుగాలిని పీల్చి, దానిని పులుసుపదార్థముగా మార్చి దాచును. తెల్లవారిన తరువాత తలుపులు మూసికొని, సూర్యకాంతి సాయముతో ఆ దాచినదానితో ఆహారము వండుకొనును. కలబందయు ఇట్లే చేయును. ఈ పద్ధతికి రాత్రి చల్లగానుండుట ముఖ్యమని గుర్తుంచుకొనుడు; ముందు దీనితో పని గలదు.

జొన్న ఆకు నడివేసవిలో గొట్టమువలె చుట్టుకొనుటను పల్లెపిల్లలందఱు చూచియుందురు. ఎండ తగులు వైశాల్యము తగ్గుటకై అది చేయు ఉపాయమది. దాని కాడలమీద తెల్లని మైనపు పూత యుండును. నీరు బొత్తిగా లేనప్పుడు ఎదుగుదలను నిలుపుకొని వేచియుండి, వాన పడగానే మరల సాగును. కందిమొక్క వేరు మనిషి నిలువు లోతునకు పోగలదు. అందుచేతనే మన మెట్టరైతులు తరతరములుగా జొన్నను, కందిని, సజ్జను నమ్ముకొనిరి. 1972లో పటాన్‌చెరువునందు స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనాలయము ఈ మెట్టపైరులనే తన పనిగా పెట్టుకొనినది; లక్షకు మించిన విత్తనపు నమూనాలను అది చల్లని గదులలో భద్రపఱచియున్నది. రేపటి ఎండకు నిలుచు పైరు వానిలోనిదే కావచ్చును.

గోల్కొండలోని నయాకిల్లాలో నొక వింతచెట్టు గలదు. జనులు దానిని హథియాన్‌కా ఝాడ్, అనగా ఏనుగుచెట్టు అందురు. అది ఆఫ్రికాఖండపు బావోబాబ్ జాతిది. దాని మొదలు చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. అంత లావు మ్రానులో గట్టి చేవ లేదు. మెత్తని చెక్కలో నీరు నిండియుండును. ఏడాదిలో చాలకాలము ఆకులు లేకయే నిలుచును. శాస్త్రజ్ఞులు ఈ జాతిని పరిశీలించి తెలిసికొన్న దేమనగా, ఆ నీటిని చెట్టు ప్రతిదినపు దాహమునకు వాడుకొనదు. వానలకు ముందు క్రొత్త ఆకులు తొడుగుటకు దానిని వినియోగించును. విత్తనపు గింజలను కరవులోనైనను తినక దాచు రైతువంటిది ఆ చెట్టు.

వేపచెట్టు దీనికి భిన్నము. ఫిబ్రవరి మార్చి నెలలలో పాత ఆకులు రాల్చి, ఉగాదికి పువ్వుతోను చిగుళ్లతోను నిండి, తక్కినవి మోడులైయున్న కాలమున నీడనిచ్చును. దానికి ఆ ధైర్యమునిచ్చునది లోతుగా పోయిన వేరు.

పొదుపు జంతువులకును గలదు. గోడమీది బల్లి రెట్టను చూడుడు: నల్లని భాగపు కొనను తెల్లని ముద్ద యొకటి యుండును. ఆ తెల్లనిదే దాని మూత్రము. మనము దేహములోని మలినములను నీళ్లతో కలిపి విసర్జింతుము; బల్లియు, పక్షియు వానిని యూరిక్ ఆమ్లమను తెల్లని ముద్దగా మార్చి, నీటిని లోపలనే మిగుల్చుకొనును.

4. లోపల సరిదిద్దుకొనుట

పై మూడు ఉపాయములును చాలక వేడి లోనికి ప్రవేశించినప్పుడు నాలుగవది మొదలగును. మనకు చెమట పోయును. ఒక గ్రాము చెమట చర్మముమీద ఆవిరి యగుటకు సుమారు 580 కేలరీల వేడిని దేహమునుండి తీసికొనిపోవును. మట్టికూజాలో నీరు చల్లబడుటకును ఇదియే కారణము. కుక్కకు నాలుకయే చెమటచర్మము; కాకికి చెమట గ్రంథులే లేవు గనుక నోరు తెఱచి రొప్పును. గాలిలో తేమ నిండియున్ననాడు చెమట కాఱునుగాని ఆవిరికాదు; అందుచేతనే 38 డిగ్రీల తేమగల దినము, 42 డిగ్రీల పొడిదినముకంటె అపాయకరము కావచ్చును.

కణము లోపల జరుగుపని ఇంతకంటె సూక్ష్మము. కోడిగ్రుడ్డును ఉడికించినప్పుడు నీళ్లవంటి తెల్లసొన గట్టిపడును. చల్లార్చినను మరల నీళ్లవలె కాదు. దానిలోని మాంసకృత్తులు వేడికి తమ మడతలను విప్పుకొని, ఒకదానితో నొకటి చిక్కుపడిపోయినవి. ప్రతి జీవకణములోను మాంసకృత్తులే పనివాండ్రు. వేడి పెరిగినప్పుడు వానికిని ఈ చిక్కే పట్టుకొనును. 1962లో ఫెరూచ్చో రిటోస్సా అను ఇటలీదేశపు శాస్త్రజ్ఞుడు పండ్లమీద ముసురు చిన్న ఈగలనుగూర్చిన ఫలితమును ప్రకటించెను. ఈగల కణములుంచిన పెట్టెయొక్క వేడి పెరిగినప్పుడు, ఆ కణములలోని వంశసూత్రములు కొన్ని క్రొత్తచోట్ల ఉబ్బుటను ఆయన గమనించియుండెను. తరువాతి పరిశోధకులు ఆ చోట్లనుండి ప్రత్యేకమైన మాంసకృత్తులు తయారగుచున్నవని కనుగొనిరి. చిక్కుపడబోవు ఇతర మాంసకృత్తులను పట్టుకొని, వానిని సరియైన మడతలో నిలుపుట వీని పని. ఇట్టివి సూక్ష్మజీవులలోను, వరిమొక్కలోను, మనిషిలోను కూడ గలవు.

ఇందొక ముఖ్యవిషయము గలదు. కొద్దిపాటి వేడిని మొదట చవిచూచిన కణము, తరువాత వచ్చు పెద్దవేడిని ఓర్చుకొనగలదు. ఈ రక్షక మాంసకృత్తులు అప్పటికే సిద్ధమై యుండుటయే దానికి కారణము. తోటమాలి నీడలో పెంచిన నారును నాటుటకు ముందు దినదినము కొంచెము కొంచెము ఎండకు చూపుటలో నున్న యుక్తి ఇట్టిదే. మనిషి దేహమును ఎండకు అలవాటుపడుటకు పది పదునాలుగు దినములు పట్టును. కావున వేసవి మొదటివారములో ఒక్కసారిగా ఎండలో గంటలకొలది ఆడరాదు.

ఒత్తిడిని ఓర్చుకొను ప్రాణి ఒక్కొక్కప్పుడు ఇతరులకు అపాయకరమగును. వాన లేక గిడసబాఱిన లేతజొన్నలోను, కోసిన మోళ్లనుండి మరల లేచిన పిలకలలోను విషము గూడుకొనును. రైతులు దీనిని నామనియు, నాము మేసిన పశువు చచ్చుననియు ఎఱుగుదురు. జొన్నలోనొక పదార్థము నమలినప్పుడు విడిపోయి హైడ్రోసయనిక్ ఆమ్లమను తీవ్రవిషమును పుట్టించును. పెరుగలేక దుర్బలమైయున్న మొక్క తన ఆకును ఈ విధముగ కాచుకొనుచున్నది. రసాయనశాస్త్రము పుట్టకమునుపే పశువులకాపరులు ఈ సంగతిని కనిపెట్టియుండిరి.

ఓర్పునకు మన గోడమీది నాచుకంటె గొప్ప ఉదాహరణము లేదు. వేసవిలో అది నల్లని పొట్టువలె ఎండిపోవును; దాని కణములలో నీరు దాదాపు మిగులదు. తొలివాన తడిపిన కొన్ని నిమిషములలోనే అది పచ్చబడును. అది నీటిని దాచుకొనుట నేర్వలేదు. నీరు లేకయే చావకుండుట నేర్చినది.

5. ఓర్పునకు హద్దు

ఇంతవఱకు చదివినవారు, ప్రాణులకు ఇన్ని ఉపాయములున్నవి గదా, ఇక వానికేమి భయమని తలపవచ్చును. అది సరికాదు. ప్రతి ఉపాయమునకును హద్దు గలదు. 2002 జనవరి 12వ తేదీన ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్సు రాష్ట్రములో ఎండ 42 డిగ్రీలు దాటినప్పుడు, చెట్లకు వ్రేలాడుచుండిన పెద్దగబ్బిలములు మొదట ఱెక్కలతో విసరుకొనినవి; తరువాత నీడకు జరిగినవి; తరువాత రొప్పినవి; కడపట దేహమును నాకుకొని తడుపుకొనినవి. మనము చెప్పుకొన్న పాఠమునంతయు అవి వరుసగా ప్రయోగించినవి. అయినను ఆ యొక్కదినమున 3,500కు మించి చచ్చినవి.

ఒక ఒత్తిడికి నిలుచునది వేఱొకదానికి లొంగవచ్చును. 2021లో తెలంగాణమునందు వేపచెట్లు కొమ్మల కొనలనుండి ఎండిపోసాగినవి. ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఫోమాప్సిస్ అను బూజు దానికి మూలమనియు, లేతకొమ్మల రసమును పీల్చు తేయాకు దోమ యను పురుగును దానికి తోడైనదనియు చెప్పిరి. ఆ బూజు వానకాలపు తడిలో వ్యాపించును. ఎండకు జంకని చెట్టు తడిలో పెరుగు బూజునకు చిక్కెను. ఆ చెట్లలో పెక్కింటికి తరువాత మరల చిగుళ్లు వచ్చినవి. వేరు బ్రతికియుండుటయే అందుకు ఆధారము.

ఇప్పుడు మనము ఈ నాలుగు ఉపాయములను మరల నొకసారి చూతము. కప్పకు త్రవ్వుటకు పార యున్నది. కాని మెత్తని మన్ను కావలెను. తొండకు నీడను వెదకు బుద్ధి యున్నది. కాని బండల సందు కావలెను. కొర్రమీనుకు గాలిగది యున్నది. కాని కుంటలో తడిబురద మిగిలియుండవలెను. నాగజెముడునకు రాత్రి తలుపు తీయు నేర్పున్నది; కాని రాత్రి చల్లబడవలెను. వేపకు లోతువేరున్నది, కాని వాననీరు ఆ వేరునొద్దకు దిగవలెను. కావున ఓర్పుయొక్క సగము ప్రాణి దేహములో నున్నది. తక్కిన సగము అది నిలుచున్న చోటులో నున్నది. దేహములోని సగమును మనము తీసివేయజాలము. చోటులోని సగమును మాత్రము దినదినము తీసివేయుచున్నాము.

పట్టణములో చెట్టు మొదలుచుట్టు కాండమునకు ఆనునట్లు సిమెంటు పోయుదురు. వాన పడినను నీరు కాలువలోనికి పోవునేగాని వేరునకు చేరదు. వేరునకు గాలియు అందదు. 2013లో జాతీయ హరిత న్యాయస్థానము ఢిల్లీ నగరములో చెట్లచుట్టు ఒక మీటరు మేర సిమెంటును తొలగింపవలెనని ఆజ్ఞాపించినది. కుంటలను పూడ్తురు, 250 కోట్ల యేండ్ల బండలను పగులగొట్టి కంకరగా అమ్ముదురు. ఆ బండలను కాపాడుటకై 1996లో మన నగరములో ఒక సంఘమే ఏర్పడవలసి వచ్చెను. గచ్చును, గోడలును పగలు త్రాగిన వేడిని రాత్రియంతయు విడుచుచుండుటచేత, నగరమధ్యమున రాత్రులు పొలములందువలె చల్లబడవు.

చోటు మిగిలినయెడల చెట్టు ఎంత చేయగలదో మన నగరమే సాక్ష్యమిచ్చును. 1908 నాటి మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ నొద్దనున్న యొక చింతచెట్టునెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో ఆ చెట్టు నేటికిని నిలిచియున్నది. చింతకు లోతైన వేరును, వంగునేగాని త్వరగా విఱుగని కొమ్మలును గలవు. వరద త్వరగా తీసినందున వేళ్లు ఊపిరాడక కుళ్లిపోలేదు. ఆ రాత్రి గోడలు కూలినవి, వంతెనలు కొట్టుకొనిపోయినవి, చెట్టు నిలిచెను. అది తనకై నేర్చిన ఓర్పు, నూటయేబదిమంది మనుష్యులకు దక్కెను. అట్టి చెట్టు ఒక్కనాటిలో పెరుగదు. వరదకు ముందే అచ్చట వేరూని యుండవలెను.

6. విద్యార్థులు చేయదగిన పరిశీలనములు

పుస్తకములో చదివినది కంటితో చూచినప్పుడే పాఠము పూర్తియగును. ఈ క్రింది పనులను నోటుపుస్తకములో తేదీతో వ్రాసికొనుచు చేయుడు.

(1) పాఠశాల ఆవరణములోని ఒక చెట్టును ఏర్పఱచుకొని, ఆకు రాలిన తేదీని, చిగిర్చిన తేదీని, పూచిన తేదీని ఏడాదిపాటు గుర్తింపుడు.

(2) ఏప్రిలులో ఒకేరోజున మధ్యాహ్నము రెండుగంటలకు సిమెంటు గచ్చుమీదను, చెట్టునీడనున్న మట్టిమీదను ఉష్ణమాపకమును పది నిమిషములుంచి, వేడిని పోల్చి వ్రాయుడు. రాత్రి ఎనిమిదిగంటలకు ఇంటియొద్ద మరల చేయుడు.

(3) ఎండిన నాచును గోడనుండి చిటికెడు తీసి, పళ్లెములో నీరు చల్లి, ఎన్ని నిమిషములకు పచ్చబడునో గడియారము చూచి లెక్కింపుడు.

(4) ఒక తొండను దూరమునుండి గంటసేపు గమనించి, అది ఎండలో ఎంతసేపు, నీడలో ఎంతసేపు ఉండెనో వ్రాయుడు. దానిమీద రాయి వేయరాదు.

(5) ఆకులున్న ఒక చిన్నకొమ్మకు పల్చని గాజుకాగితపు సంచిని కట్టి, రెండుగంటల తరువాత లోపల పట్టిన నీటిని చూడుడు. ఒక చెట్టునకు ఇట్టి కొమ్మలు ఎన్ని గలవో ఆలోచింపుడు.

(6) మీ వీథిలో మొదలుచుట్టు సిమెంటు బిగించిన చెట్లెన్ని, మన్ను వదలిన చెట్లెన్ని లెక్కించి, ఆ పట్టికను తరగతిలో చదువుడు. మీ ఇంటిముందరి చెట్టే మొదటి జాబితాలో నున్నయెడల, పెద్దలతో చెప్పి, ఈ వేసవికి ముందే ఒక మూరెడు మేర గచ్చును తీయించి మన్ను కనబడునట్లు చేయుడు. నీరెచ్చటికి పోవలెనో ఆపైన చెట్టునకు తెలియును.